కావలిమనిషి గయిలి

"ఏమ్మా మేనకోడలా, తవ్వుకోమంటావా?"

ట్రక్కు దిగుతూనే మామయ్య అడిగాడు. గయిలి సంతోషానికి పట్టపగ్గాల్లేవు. పదేళ్ల పిల్లని అంత పెద్దమనిషి అనుమతి అడగడమంటే మాటలా!

ఆ నేల మామయ్య వంశానిది. గయిలి వాళ్లమ్మ పుట్టింది ఆ వంశంలోనే. గయిలి మాత్రం నాన్న వంశపు పిల్ల. అయినా అమ్మ వంశం నేలకి కావలి ఆమెదే. ఉత్తర ఆస్ట్రేలియాలోని యోల్ంగు వాళ్లలో తాతల నాటి నుంచీ అంతే.

"తవ్వుకో మామయ్యా!" అంది దర్జాగా.

తీగలు పసుపెక్కాయి. కింద దుంపలు బాగా ఊరి ఉంటాయి. మామయ్య కూతురు ధాంగల్ కర్ర పట్టుకుని మొదటి తీగ దగ్గర కూర్చుంది.

"ఈ పక్కంతా నాది. నువ్వటు పో," అంది గయిలి.

"ఇది మా నేలే కదే!"

"అయితే? నన్నడగందే మీ నాన్నే ముట్టడు, తెలుసా?"

ధాంగల్ మూతి ముడుచుకుని వెళ్లిపోయింది. గయిలి దుంపల్ని తీగలతో సహా పెరికేసింది. గంటలో సంచి నిండింది.

మామయ్య వచ్చి చూశాడు. ఎక్కడ చూసినా పెరికిన తీగలే. ఆయన తిట్టలేదు. గుంత పక్కన కూలబడ్డాడు.

"చిన్నప్పుడు మీ అమ్మా నేనూ ఇక్కడే తవ్వేవాళ్లం. తీగతో పాటు దుంప తల మట్టిలోనే వదిలేసేవాళ్లం. మళ్లీ ఏడాదికి ఊరేది." ఆయన పెరికిన తీగొకటి చేతిలోకి తీసుకున్నాడు. "నేను తప్పు చేస్తే ఆపాల్సిందానివి నువ్వు. మరి నువ్వు చేస్తే ఎవరాపుతారే తల్లీ?"

గయిలికి ఏడుపొచ్చింది. వచ్చే ఏడు ఇక్కడ ఒక్క దుంపా ఉండదా? అమ్మకి ఏ మొహంతో చెప్పాలి?

సంచి బోర్లించింది. "ధాంగల్, కాస్త సాయం రావే."

"పొమ్మన్నావుగా మహారాణీ?"

"తప్పయిపోయిందే."

ధాంగల్ ఇక బెట్టు చెయ్యలేదు. ఇద్దరూ తీగ తెగకుండా దుంపల తలలు కోశారు. ఒక్కోదాన్నీ గుంతలో పెట్టి మట్టి కప్పారు. కొన్ని తీగలు నలిగిపోయాయి. వాటినీ పాతారు, బతుకుతాయేమోనని.

అవతలి తీగ దగ్గర మామయ్య కర్ర ఎత్తాడు.

"ఆగు మామయ్యా!" గయిలి పరుగెత్తింది. "తల ఎక్కడుందో ముందు చూడనీ."

ఆయన వెంటనే కర్ర కింద పెట్టేశాడు. గయిలి వేళ్లతో మెల్లగా మట్టి తీస్తూ ఉంటే, పక్కనే చేతులు కట్టుకుని కూర్చున్నాడు.