వారసుడు వంతెన దాటాడు

వెనక లైట్లు!

హేమచంద్ అద్దంలోకి చూస్తాడు. మంచు తెరలో రెండు తెల్లటి లైట్లు... తగ్గడం లేదు!

"బెల్ట్ పెట్టుకున్నావా, ప్రజ్జూ?"

"యా."

యాక్సిలరేటర్ తొక్కుతాడు. కారు జర్రున జారుతుంది. కంచెకి బెత్తెడు దూరంలో మళ్ళీ దారికొస్తుంది!

సాయంత్రం ఏడు కూడా కాలేదు. ఐర్లండ్ డిసెంబర్‌కి అదే అర్ధరాత్రి. కావన్ దాటాక దీపమన్నది లేదు. రోడ్డు పక్కన కాలనీలకు కాలనీలు కట్టి వదిలేశారు. రిసెషన్! తలుపుల్లేని ఇళ్ళు. మనుషుల్లేని వీధులు.

వెనక తరుముతున్నది రామ్మోహన్. పిల్లాడి మేనమామ.

ముందు పారిపోతున్నది హేమచంద్. పిల్లాడి బాబాయ్. లెటర్‌కెన్నీలో డాక్టర్. వచ్చే నెల నుంచి ఆ ఉద్యోగమూ అనుమానమే.

వెనక సీట్లో స్కూలు బ్యాగు వాటేసుకుని కూర్చున్నది ప్రజ్వల్. తొమ్మిదేళ్ళు. స్వోర్డ్స్ ఊళ్ళో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీకి యజమాని!

అన్నయ్య రాజ్‌కిరణ్, వదిన ఒకే యాక్సిడెంట్‌లో పోయారు. విల్లులో ముగ్గురు గార్డియన్లు. బాబాయ్, మేనమామ, అన్నయ్య స్నేహితుడు పద్మనాభం. పిల్లాడు ఎవరింట్లో ఉంటే వాళ్ళదే పెత్తనం. చుట్టూ కంపెనీలన్నీ మూతపడుతుంటే అన్నయ్యది ఒక్కటే నిలబడింది. అందరి కళ్ళూ దాని మీదే! ఏడాదిలో పిల్లాడు పద్మనాభం ఇంటికీ, అక్కణ్నుంచి మేనమామ ఇంటికీ మారాడు.

రేపు పొద్దున రామ్మోహన్ కంపెనీని అమ్మేస్తాడు. ఈ రాత్రికి పిల్లాడు లెటర్‌కెన్నీ చేరితే అమ్మలేడు. అంతే లెక్క!

కోర్టు షరతు ఒక్కటే. పిల్లాణ్ని దేశం దాటిస్తే గార్డియన్ పదవి ఊడుతుంది. లెటర్‌కెన్నీకి తిన్నగా వెళ్ళే రోడ్డేమో నార్త్, అంటే ఉత్తర ఐర్లండ్ మీదుగా పోతుంది. అది వేరే దేశం. ఇండియన్ పాస్‌పోర్టుకి అక్కడ వేరే వీసా కావాలి. హేమచంద్‌కి లేదు. అందుకే ఈ చుట్టుదారి. ఇక్కడి మన డాక్టర్లందరికీ అలవాటైన చుట్టుదారే.

ప్రజ్వల్ దగ్గుతాడు. తర్వాత తన ఐరిష్ ఇంగ్లీషులో ఏదో కథ మొదలెడతాడు. స్కూల్లో ఓ రాజు గురించి చెప్పారట. తొమ్మిదేళ్ళకే రాజట! పెత్తనం మేనమామది. మిగతా పెద్దలు ఎదురు తిరిగేసరికి, రాత్రికి రాత్రి పిల్లాణ్ని గుర్రమెక్కించి ఇంకో కోటకి లాక్కుపోయాడట.

"హీ గాట్ ఎ కోల్డ్," అంటాడు ప్రజ్వల్. "ద కింగ్."

హేమచంద్ హీటర్ పెంచుతాడు.

"బాబాయ్... మీ ఇంట్లో నాకు ప్రెస్ ఉందా?"

ప్రెస్ అంటే ఇక్కడ బీరువా. బీరువా కాదు కదా, హేమచంద్ పిల్లాడికి మంచం సంగతి కూడా ఆలోచించలేదు! ఒంటిగది కొంప. ఆస్పత్రి నుంచి వచ్చి గోడలతో మాట్లాడుకునే కొంప.

"కొందాం నాన్నా."

"గ్రాండ్," అని సరేనన్నట్టు పిల్లాడు కిటికీ వైపు తిరుగుతాడు. నమ్మలేదు.

ఫోన్! పద్మనాభం! స్పీకర్ నొక్కుతాడు.

"ఎక్కడున్నావు బాబూ?"

"బ్లాక్‌లయన్ ఊళ్ళోకొచ్చాను అంకుల్! వెనకాలే ఉన్నాడు!"

"కంగారు పడకు. ముందు రోడ్డు మంచుకి మూసేశారట. కుడివైపు చిన్న వంతెన ఉంటుంది, దాటెయ్. అవతల ఎడమకి తిరిగితే మళ్ళీ మెయిన్ రోడ్డే. లైన్లోనే ఉంటాను."

పెద్దాయన. అన్నయ్యకి కుడిభుజం. ఆయన మాట కాదని ఎవరంటారు?

హేమచంద్ కుడికి తిప్పుతాడు.

వంతెన! కింద నల్లటి నీళ్ళు... దాటేశాడు! ఎడమవైపు దారి కోసం చూస్తాడు.

దారి లేదు!

గోడ పక్కనుంచి నీలి లైటు భగ్గున వెలుగుతుంది. ఓ కారు రోడ్డుకి అడ్డంగా వస్తుంది. హేమచంద్ బ్రేకు మీద నిలబడతాడు!

గార్డులు... ఐర్లండ్ పోలీసులు, అనుకుంటాడు.

కానీ కారు మీద గార్డా అని లేదు.

పోలీస్ అని ఉంది!

"బాబాయ్," మెల్లగా అంటాడు ప్రజ్వల్. "దిస్ ఈజ్ ద నార్త్."

గేటు లేదు... బోర్డు లేదు... ఒక్క వంతెన! దేశం దాటించేశాడు!

వెనక కీచుమని బ్రేకులు. రామ్మోహన్ దూకి పరుగెత్తుకొస్తాడు. పిల్లాడి వైపు తలుపు లాగి చెయ్యి పట్టుకుంటాడు.

"దిగు నాన్నా! మావయ్యతో పోదాం!"

హేమచంద్ చుట్టూ తిరిగి వచ్చి రెండో చెయ్యి అందుకుంటాడు.

"వదులు బావా! ఇది నార్త్! నీకు మాత్రం వీసా ఉందా?"

రామ్మోహన్ కొయ్యబారిపోతాడు.

"నార్తా? మరి అంకుల్... వంతెన దాటితే నిన్ను పట్టుకోవచ్చన్నాడే!"

ఇద్దరూ కారులోకి చూస్తారు. స్పీకర్ ఇంకా ఆన్‌లోనే ఉంది.

"అంకుల్?"

"వింటున్నా బాబూ." ఎంత చల్లటి గొంతు! "పోలీసులకి నేనే చెప్పాను. మీరు చలిలో నిలబడకండి. పిల్లాడి కోసం నేను వంతెనకి ఇవతలే ఉన్నాను."

కట్!

పోలీసాఫీసరు వచ్చింది. నడివయసు మనిషి. ఇద్దరు మగవాళ్ళనీ, చెరో చేతికీ వేలాడుతున్న పిల్లాణ్నీ చూసింది. పిల్లాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"వీళ్ళలో నీవాళ్ళెవరు, బంగారం?" ఇంగ్లీషులో అడిగింది.

ప్రజ్వల్ బాబాయ్‌ని చూశాడు. మావయ్యని చూశాడు. రెండు చేతులూ విడిపించుకున్నాడు.

"పోనీ, అవతల ఉన్న పెద్దాయనా?"

తల అడ్డంగా ఊపాడు.

"మరి నీకెవరున్నారు?"

పిల్లాడు ఆవిడకి జవాబు చెప్పలేదు. మగవాళ్ళిద్దరి వైపూ తిరిగాడు. తెలుగులో, ఒక్కో మాటా కూడబలుక్కుని అన్నాడు.

"నాకు... ఎవరూ... లేరు."

రామ్మోహన్ తల దించుకున్నాడు.

ఆఫీసరు లేచి హేమచంద్ వైపు చూసింది. "ఏమన్నాడు?"

అబద్ధం చెప్పొచ్చు. భాష రాని మనిషి. బాబాయ్ కావాలంటున్నాడని ఒక్క ముక్క అంటే చాలు!

హేమచంద్ నోరు తెరిచాడు. ఆ మాట రాలేదు.

"తనకి ఎవరూ లేరంటున్నాడు," అని ఇంగ్లీషులో చెప్పి, బేడీల కోసం రెండు చేతులూ ముందుకి చాపాడు.