ప్రశ్నలో పెట్టిన మనిషి

మ్యూజియంలో పాత తాళాలు ప్రదర్శనకు పెట్టిన తాళాల గది వెనుక ఉన్న చిన్న గది ఆ పరిశోధకురాలిది. ఒక బల్ల, ఒక ఫోను, తిరిగినప్పుడల్లా ఒకే చోట కిర్రుమనే ఫ్యాను. తలుపు సందులోంచి పాత ఇనుము వాసన, నేల తుడిచే మందు వాసన కలిసి వచ్చేవి. మ్యూజియం చూసి వెళ్ళినవారికి సరిగ్గా మూడు నెలల తరువాత ఫోను చేసి, వారి మనసులో ఏం నిలిచిందో రాసుకోవడం ఆమె ఉద్యోగం. అడగవలసినవి రెండే: "మీకేం గుర్తుంది?" "ఇంకా?" అంతకు మించి ఒక్క మాట కూడా అందించరాదు.

"జవాబును ప్రశ్నలోనే పెట్టి పంపావనుకో," అనేవారు డైరెక్టరు గారు, "పొరుగింటికి పంపిన గిన్నెలాగా అది తిరిగొస్తుందమ్మా. ఖాళీగా మాత్రం రాదు."

ఆమె భర్త ఆ తాళాల గదికి పంతొమ్మిదేళ్ళు కాపలా ఉన్నాడు. పోయి ఎనిమిది నెలలైంది. ఆయన చోట మరెవరినీ వేయలేదు. కుర్చీ తీసేసి కెమెరా బిగించారు. ఆమె ఏడవలేదు. తిమ్మిరెక్కిన కాలిని గిల్లితే తెలియనట్టు, ఆమెకు మనిషంతా తిమ్మిరెక్కింది. తిన్నదీ లేనిదీ సాయంత్రానికి గుర్తుండేది కాదు. ఏడుపైనా సరే, ఏదో ఒకటి తగిలితే చాలుననుకునేది.

ఆ మధ్యాహ్నం మొదటి ఫోను ఒక దర్జీకి.

"తాళాలు గుర్తున్నాయండీ. దిండంత తాళం ఒకటుంది చూశారూ, మా ఆవిడ నోటికి సరిపోతుందనుకున్నాను."

"ఇంకా?"

"గది చివర కాపలాదారు. నిలబడి చూస్తున్నాడు. ఎలా ఉన్నాడంటే మాత్రం... చెప్పలేనండీ. ఏ పోలికా గుర్తుకు రాదు."

మూడు నెలల కిందట ఆ గదిలో కాపలాదారెక్కడ? ఎనిమిది నెలల్లో మొదటిసారి ఆమె గుండెలో ఏదో కదిలింది. "ఇంకా?" అనవలసిన నోరు, "కళ్ళద్దాలున్నాయా?" అంది.

"ఆ... అవునండీ. లావు కళ్ళద్దాలు."

రెండవ ఫోను బస్సు డ్రైవరుకు. దర్జీ ఎవరో అతడికి తెలియదు. అయినా, "లావు కళ్ళద్దాల కాపలాదారు" అని తానుగా చెప్పాడు. ఆమె గొంతు తగ్గించింది.

"ఎడమ కాలు ఈడుస్తూ నడిచాడా?"

"అచ్చం అంతే! చూసినట్టే చెప్పారే!"

మూడవది ఒక నర్సు. ఏమీ అందించకుండానే కళ్ళద్దాలూ, ఈడ్చే కాలూ రెండూ చెప్పింది. ఆపైన, "నా వెనకే మెట్ల దాకా వచ్చాడండీ. ఏదో అడగబోయి ఊరుకున్నాడు" అంది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి దీపం వేసి చూస్తే, గోడ మీది ఫొటోలో భర్త ముఖాన ఎప్పుడూ ఉండే కళ్ళద్దాలు లేవు. ముక్కుకు ఇరువైపులా రెండు నొక్కులు మాత్రం మిగిలాయి. ఆయన నడక తలుచుకోబోయింది. మనసులో ఎవరో మామూలు మనిషి మామూలుగా నడిచి వెళ్ళిపోయాడు. తాను ప్రశ్నలో పెట్టినదల్లా తన దగ్గర లేకుండా పోతోందని ఆమెకు అర్థమైంది. భయపడవలసిన సమయమే, భయం రాలేదు.

మర్నాడు డైరెక్టరు గారు కాగితాలు తిరగేశారు.

"ఏమ్మా, వీళ్ళందరూ కాలీడ్చే కాపలాదారునే చూశారా? నువ్వు గానీ అందించావా?"

ఆమె ఫోను వైపు చూసింది. ఆయన గొంతు మెత్తబడింది. "వద్దు తల్లీ. ఇవి చించేసెయ్. ఇక ఫోన్లు చేయకు."

"ఒక్కటే మిగిలిందండీ."

ఆ ఒక్కటీ బడి నుంచి రిటైరైన హెడ్మిస్ట్రెస్‌ది. మొదటి మోతకే ఎత్తింది.

"మ్యూజియం నుంచేనా? నువ్వు చేస్తావని చెప్పాడులే."

"ఎవరండీ?"

"మీ కాపలాదారు. పొద్దుటి నుంచీ మా వరండాలో నిలబడి ఉన్నాడు. కూర్చోమంటే కూర్చోడు, పొమ్మంటే పోడు. ముప్పయ్యేళ్ళు పిల్లలచేత గోడకుర్చీలు వేయించినదాన్ని, నా మాట లెక్కచేయనివాణ్ణి ఇతణ్ణే చూశాను."

ఫోనులో దూరంగా ఒక చప్పుడు. నేల మీద ఏదో ఈడ్చినట్టు... ఆగింది. మళ్ళీ... ఇంకాస్త దగ్గరగా.

పెద్దావిడ గొంతు గుసగుస అయింది. "లోపలికొచ్చాడమ్మా. కళ్ళద్దాలున్నాయి గానీ... వాటి వెనక ముఖమే లేదు. మిగిలినది కూడా అడగమని నీతో చెప్పమంటున్నాడు."

"అటువంటి మనిషి మా దగ్గర లేడండీ." ఆ ఒక్క మాట అంటే చాలు, అతడు ఉండడని ఆమెకు తెలుసు. కానీ అలా అంటే ఆయన రెండవసారి పోతాడు. ఆమె దగ్గర మిగిలినది ఆయన నవ్వొక్కటే. పెదవి విప్పకుండా, నోటి ఎడమ మూల మాత్రం కాస్త ముడుచుకునే నవ్వు. దానిని దాచుకోవాలి. లేదా, అడిగేసి ఒక్కసారి ఎవరి నోటనైనా వినాలి.

ఫ్యాను తిరుగుతూనే ఉంది. కిర్రుమనడం మానింది.

"నవ్వుతాడా... ఆయన?"

అవతల ఈడ్చే చప్పుడు ఆగింది. ఊపిరి చప్పుడు కూడా లేదు.

"నవ్వుతున్నాడమ్మా... ఇప్పుడే. కానీ... ఒక మనిషికి ఇన్ని పళ్ళుంటాయా?"