మసిబారిన పన్నీరుబుడ్డి

లోపలికి వచ్చిన ముసలామె కూర్చోమన్నా కూర్చోలేదు. కొంగు చివరను పిడికిట్లో నలుపుతూ నిలబడే చెప్పింది.

"నేను దొంగనట మేడం. సోమారం దాక టైం ఇచ్చిండు. అసలు వెండి తెచ్చియ్యకుంటె పోలీస్ స్టేషన్ల కాయితం పెడ్తనన్నడు."

"ఎవరు?" అంది అనసూర్య, ముందున్న టీ గ్లాసు పక్కకు జరుపుతూ. కరీంనగర్‌లో ప్రైవేట్ డిటెక్టివ్ బోర్డు పెట్టిన పదహారేళ్లలో ఆమె ఎదుట ఇలా నిలబడ్డవాళ్లు ఎందరో.

"మ్యూజియం సెక్రటరీ, రాంచందర్ సారు."

పక్క బల్ల దగ్గర అసిస్టెంటు సృజన నోటుపుస్తకం తెరిచింది. పెళ్లయి నలభై రోజులే. ఈ మధ్య ఆమెకు ప్రతిదీ ముద్దుగా కనిపిస్తోంది. భర్త సాయిచంద్ చేసి డబ్బాలో పెట్టిచ్చిన వంకర చపాతీలను కూడా పొద్దున ఫోటో తీసుకుంది. కానీ ఈ ముసలామె ముఖం చూశాక డబ్బా మూత తీయబుద్ధి కాలేదు.

ఆమె పేరు కనకవ్వ. భర్త మరమగ్గం నడిపేవాడు, పోయాడు. పన్నెండేళ్లుగా ఊరి చివర ఉన్న ట్రస్టు మ్యూజియం ఊడ్చి, తుడిచి, తలుపులు తీసేది ఆమే. రోడ్డు మీద గ్రానైట్ లారీలు పోతుంటే దుమ్మంతా వెండి తీగల సామాన్ల మీదే. రోజూ మెత్తటి గుడ్డతో తుడిచేది. రెండు నెలల కింద రాంచందర్ రవ్వంత గాలి కూడా చొరబడని అద్దాల పెట్టె చేయించి తొమ్మిది వస్తువులూ అందులో పెట్టించాడు. తాళంచెవి కనకవ్వకే ఇచ్చాడు. ఇప్పుడవన్నీ నల్లబడ్డాయి.

"గాలే సొరని పెట్టెల అసలు వెండి నల్లగ కాదట. నేనే మార్చిన్నట. మా గల్లీల ఒక్కలు మాట్లాడ్తలేరు మేడం. నల్లా కాడ బిందె పెడ్తె పక్కకు జరుగుతున్రు."

"పెట్టె ఎన్నిసార్లు తీసినవ్?"

"ఒక్కపారి గూడ తియ్యలే. తియ్యొద్దన్నడు. సారే సోమారం సోమారం అద్దం మీదికెల్లి ఫోన్ల ఫోటోలు దింపుకుంటడు."

మర్నాడు, బుధవారం, ఇద్దరూ మ్యూజియానికి వెళ్లారు. ఒక లారీ పోయింది, కిటికీలు గడగడలాడాయి. అద్దాల పెట్టె మాత్రం కదలలేదు. లోపల మఖ్మల్ గుడ్డ మీద పన్నీరుబుడ్డి, పాన్‌దాన్, అత్తరుదాన్, పళ్లేలు. అన్నీ పొయ్యిలోంచి తీసినట్టున్నాయి. అనసూర్య వంగి చాలాసేపు చూసింది.

"సృజనా, బుడ్డి అడుగు చూడు, మెడ చూడు."

అడుగు బొగ్గులా ఉంది. పైకి పోయేకొద్దీ నలుపు పలచబడి, మూతి దగ్గర ఇంకా తెలుపు మిగిలింది. పెట్టెలో చోటు చాలక బయట అలమారలోనే ఉండిపోయిన ముక్కు విరిగిన నెమలి మీద సృజన వేలితో రాసింది. దుమ్ము కింద తెల్లటి వెండి తళుక్కుమంది. సృజనకు అంతలోనే సంతోషమేసింది.

"పెట్టె తీయుండ్రి," అంది అనసూర్య.

రాంచందర్ ముఖం చిట్లించి, కనకవ్వ దగ్గర తీసేసుకున్న తాళంచెవితో తెరిచి మూత ఎత్తాడు. పంక్చర్ షాపులో వచ్చేలాంటి వాసన గుప్పుమంది. రెండు క్షణాలకే మూత దించేశాడు.

"దుమ్ము పోతది మేడం. గీ పెట్టె గురించి సదస్సుల చెప్పుమని హైదరాబాద్‌కెల్లి పిలుపొచ్చింది నాకు."

"గీటురాయి మీద ఒక్క గీత గీసి చూస్తం."

"తాకొద్దు. సాక్ష్యం గది."

"పోనీ మీరు దింపిన ఫోటోలు చూపియ్యుండ్రి."

"ఫోన్ ఖరాబైంది. రిపేర్ల ఉన్నది."

అతని జేబులో ఫోను మోగింది.

"ఇది వేరే ఫోన్," అన్నాడు.

బయటికి వచ్చాక సృజన చెప్పు నేలకేసి కొట్టింది. "ఏదడిగినా వద్దనుడే మేడం. ఇట్లయితే సోమారం దాక ఏం తేలుస్తం?"

పెట్టె చేసిన వడ్రంగి దేవదాస్ ఊరు చెన్నూరు. మంచి టేకు పెట్టానని, జిగురు కూడా ఖరీదైనదేనని అరగంట చెప్పాడు. లారీలు పోతే పెట్టె ఎందుకు ఊగడం లేదని అడిగితే గర్వంగా నవ్వాడు.

"మఖ్మల్ కింద బొగ్గుబాయిల బొగ్గు మోసే రబ్బరు బెల్టు పరిచిన మేడం. అరిగిపోతే పారేస్తరు గదా. మా దిక్కు ఇంటింట్ల గదే. కాళ్లు తుడ్సుకునుటానికి గదే, బర్ల కొట్టంల గదే. రాంచందర్ సారు గూడ శభాష్ అన్నడు."

సృజన ఆ మాటా రాసుకుంది. కానీ ఆమె అనుమానం వెండి కళాకారుడు పరశురాములు మీదికి పోయింది. తన తండ్రి చేసినవని ఆ తొమ్మిదీ మ్యూజియానికి ఇచ్చింది అతనే. ఇచ్చినవే నకిలీవైతే?

"నకిలీవైతే ఇంత తొందరగ ఇంత మసి పట్టదు," అని అనసూర్య కొట్టిపారేసింది. "నల్లగైనయంటేనే అసలు వెండి అయ్యుండాలె. ఎందుకైనయో తెల్వాలె." ఆ సాయంత్రం ఆమె ఆఫీసు గదిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

సాయిచంద్ కింద బండి మీద ఎదురుచూస్తున్నాడు. సృజన అతనికి కిటికీలోంచి చేయి ఊపి, సంచిలోంచి కొత్త వెండి పట్టీలు తీసింది. చప్పుడు చేయకుండా రబ్బరుబ్యాండు చుట్టి పెట్టుకున్నవి. బ్యాండు లాగి చూసి నీరసపడింది. అది చుట్టుకున్న చోటల్లా నల్లటి గీత.

"పెట్టి పది రోజులు గూడ కాలే మేడం. అత్తమ్మ చూస్తే ఏమంటదో."

అనసూర్య నడక ఆగింది. పట్టీ అందుకుని దీపం కింద పెట్టింది. "మీ ఆయన్ను పైకి రమ్మను. మనకు మామిడికాయ తొక్కు సీసాలు నాలుగు కావాలె."

గురువారం పరశురాములు మెరుగు పెట్టిన నాలుగు వెండి ముక్కలు ఇచ్చాడు. ఒక సీసాలో టేకు పొట్టు, ఒకదానిలో మఖ్మల్, ఒకదానిలో దేవదాస్ దగ్గర మిగిలిన బెల్టు ముక్క. నాలుగోదానిలో మ్యూజియం కిటికీ మీది దుమ్ము. అన్నింటిలో తడి దూది పెట్టి, మూతలు బిగించి డాబా మీద ఎండలో పెట్టారు. ఎండాకాలం కదా అనుకుంటే మబ్బు పట్టింది. శుక్రవారం ఏమీ కాలేదు. శనివారం పొద్దున వాన. సృజన గొడుగు పట్టుకుని సీసాల పక్కనే కూర్చుని ఆకాశాన్ని తిట్టుకుంది. మధ్యాహ్నం కాసిన ఎండ చాల్లేదు. ఆదివారం మాత్రం రోజంతా ఎండ మండింది.

సోమవారం పదకొండు గంటలకు అందరూ మ్యూజియంలో చేరారు. కనకవ్వ గోడకు ఆనుకుని నిలబడింది. అనసూర్య సీసాలు వరుసగా బల్ల మీద పెట్టింది. మూడింటిలో వెండి మెరుస్తోంది. బెల్టు ఉన్న సీసాలో ముక్క నల్లగా మాడినట్టుంది.

"రబ్బరుకు గట్టితనం రావాలంటే గంధకం కలుపుతరు. అది మెల్లగ గాలిలకు ఊరుతది. కిటికీలు తీసి ఉంటే పోయేది. మీరు లారీ దుమ్ము ఒక్క రవ్వ రావొద్దని పెట్టెను బిగించిన్రు. లోపలిది బయటికి పోయే తొవ్వ లేకపాయె. అందుకే బెల్టు దగ్గరున్న అడుగులు ముందు నల్లబడ్డయి. బయట దుమ్ముల పడున్న నెమలి మాత్రం తెల్లగనే ఉన్నది. కనకవ్వ గుడ్డతోని తుడిచినన్ని దినాలు వీటికేం కాలే."

దేవదాస్ తల పట్టుకున్నాడు. "అయ్యో, నాకు తెల్వదు మేడం."

"నీకు తెల్వదు. తెలిసినాయన వేరే ఉన్నడు."

"ఎవరికి తెలుసు?" అన్నాడు రాంచందర్. "నేను గూడ మోసపోయిన. వెండి మారిందనే అనుకున్న."

"మారితే ఒక్కనాడే మారాలె గద సారూ. వారం వారం కొంచెం కొంచెం మారదు." ఆమె పరశురాములు వైపు తిరిగింది. "మీ ఫోన్ ఇయ్యుండ్రి."

మూడు రోజులు వాళ్లు వెతికిన ఫోటోలు పరశురాములు దగ్గరే ఉన్నాయి. ట్రస్టు దాతల వాట్సాప్ గ్రూపులో రాంచందర్ స్వయంగా పెట్టినవి. సృజనకు నిన్న ఆ సంగతి తెలిసినప్పుడు ఏడవాలో నవ్వాలో అర్థం కాలేదు. మొదటి వారం తెలుపు. రెండో వారం అడుగులు గోధుమరంగు. మూడో వారం నలుపు. ఆ తరవాత గ్రూపులో ఫోటోలు లేవు.

"గ్రూపుల పెట్టుడు ఎందుకు ఆపిన్రు?"

రాంచందర్ ఫోనును పక్కకు నెట్టాడు. దేవదాస్ నెమ్మదిగా అన్నాడు: "నెల కింద నేను చూసి చెప్పిన సారూ. లోపల రబ్బరు వాసన నిలుస్తున్నది, మూత తీసి పెట్టుండ్రి అని. హైదరాబాద్ పోయొచ్చినంక చూద్దామన్నరు."

"పెట్టె చెడ్డదంటే హైదరాబాద్ పిలుపు పోతది. ఆమె దొంగంటే ఎవలు అడుగరు," అంది అనసూర్య.

పరశురాములు అనుమతి అడగలేదు. పాన్‌దాన్ మూత తీసుకుని, తన వెంట తెచ్చిన కుంకుడు రసం, సుద్దపొడితో కొన్ని నిమిషాల సేపు మెల్లగా రుద్దాడు. తీగ తీగా తెల్లబడుతుంటే సృజన బల్ల మీదికి వంగి చూసింది. అతను గీటురాయి మీద గీత గీసి, ఆమ్లపు చుక్క వేశాడు. "మా బాపు వెండే," అన్నాడు.

రాంచందర్ గోడ వైపు తిరిగాడు. "సరే. కనకవ్వా, రేపటికెల్లి పనికి రా. వచ్చే నెల మీటింగుల మాట్లాడుదాం."

కనకవ్వ గోడ వదిలి ముందుకు వచ్చింది.

"పని సంగతి తరువాత సారూ. మీరు గీడ అంటె గీ నలుగురే ఇన్నరు. నన్ను దొంగన్నది మా గల్లీ అంత ఇన్నది. గాడికి రావాలె."

"ఫోన్ చేసి చెప్తా."

"ఫోన్ వద్దు."

"కారు తీయమంటా ఉండు."

"నడ్సి రాండ్రి. నేను పన్నెండేండ్లు నడ్సినదే గదా."

ఎండలో ఆమె ముందు, అతను వెనక. లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. రాంచందర్ రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. అనసూర్య, సృజన దూరంగా నడిచారు. గల్లీలో మరమగ్గాల మోతకు మనిషి మాట మనిషికి వినపడదు. కనకవ్వ మొదటి ఇంటి గడపలోకి వంగి గట్టిగా అంది:

"అవ్వా, మగ్గం జర బంద్ పెట్టు. సారు ఒక మాట చెప్తడట."

ఒక మగ్గం ఆగింది. ఆమె రెండో ఇంటికి పోయింది, మూడో ఇంటికి పోయింది. చివరి మగ్గం కూడా ఆగేదాకా రాంచందర్‌ను నోరు విప్పనివ్వలేదు.