నలభై ఒకటో నంబరు చెట్టు

చీకటి పడితే ఆ మలుపు దగ్గర ఒంటరిగా నడిచేవాళ్ళు లేరు. రోడ్డు పక్కన ఒక పెద్ద చెట్టు, మానుకి రేకు మీద నంబరు - నలభై ఒకటి. గాలి లేకపోయినా దాని ఆకులు రాలతాయట. పైనుంచి టిక్... టిక్... మని చప్పుడు వస్తుందట. కొమ్మల మధ్య తెల్లగా ఏదో కదులుతుందట. ఎవడికీ జడవని లారీవాళ్ళు కూడా అక్కడికి వచ్చేసరికి బుద్ధిగా వేగం తగ్గించేవాళ్ళు.

ఆ దెయ్యం ఎవరో అందరికీ తెలుసు. చెట్ల మేస్త్రి కూతురు.

మేస్త్రి అంటే రోడ్ల పక్క కొమ్మలు కొట్టించే మనిషి. అవి చట్టం కాపాడే చెట్లు. మణికట్టు లావు కొమ్మ కొట్టాలన్నా పై ఆఫీసు సంతకం కావాలి. పిట్టలు గూళ్ళు కట్టే నెలల్లో సంతకం ఉన్నా కొట్టకూడదు. ఆయనకి ఇవన్నీ కంఠోపాఠం. రూలు తప్పితే మేస్త్రికి అన్నం అరగదని పనిముట్ల డిపోలో వెక్కిరించేవాళ్ళు.

కూతురు డ్యూటీ ముగించుకుని రాత్రిళ్ళు సైకిల్ మీద ఆ దారినే వచ్చేది.

"నాన్నా, ఆ మలుపులో వీధిదీపాన్ని ఆకులు మింగేశాయి. కాస్త కొట్టించవా?" అని అడిగింది.

"గూళ్ళ కాలం కదమ్మా. నెల్లాళ్ళు ఓపిక పట్టు."

పిల్ల ఓపిక పట్టింది. లారీ పట్టలేదు.

ప్రమాదం కేసు తేలేదాకా ఆ చెట్టు కాగితం మీద సంతకం పెట్టేది లేదని ఆఫీసు చేతులు దులుపుకుంది. దీపం ఆకుల్లోనే ఉండిపోయింది. భార్య ఆయనతో మాట్లాడటం మానేసింది. ఆవిడ ముఖం చూసే ధైర్యం లేక మేస్త్రి డిపోలోనే, రంపాల పక్కన చాప వేసుకుని పడుకునేవాడు.

మూడు నెలలకి దెయ్యం సంగతి ఆయన చెవిన పడింది. విన్నవాళ్ళందరికీ ఒళ్ళు జలదరిస్తే, ఆయనకి మాత్రం పోయిన ప్రాణం లేచి వచ్చినట్టయింది. దెయ్యమైతేనేం... నా పిల్లేగా! ఒక్కసారి కనబడితే చాలు, కాళ్ళు పట్టుకుంటాను అనుకున్నాడు.

ఆ రాత్రే బయల్దేరాడు. టార్చి పట్టుకెళ్ళలేదు - వెలుగు చూసి వెళ్ళిపోతుందేమోనని.

మలుపు తిరిగాడు. చెట్టు నల్లగా నిలబడి ఉంది. గాలి లేదు.

టిక్...

ఆయన అడుగు ఆగిపోయింది. భుజం మీద ఒక ఆకు పడింది. ఇంకొకటి... మళ్ళీ టిక్... పైన కొమ్మల్లో తెల్లగా - నిజంగానే - ఏదో కదిలింది.

"అమ్మలూ..." అని పిలిచాడు. "నేనే... నాన్నని."

చప్పుడు ఆగిపోయింది.

"తప్పయిపోయిందమ్మా... ఒక్కసారి దిగిరా..."

తడుముకుంటూ మాను దగ్గరికి వెళ్ళాడు. చేతికి చెక్క తగిలింది. మెట్టు... దాని మీద ఇంకో మెట్టు. నిచ్చెన!

దెయ్యానికి నిచ్చెన ఎందుకు?

"కాస్త పట్టుకోండి... ఊగుతోంది," అని పైనుంచి వినిపించింది. భార్య గొంతు. మూడు నెలల తర్వాత ఆయనతో ఆవిడ అన్న మొదటి మాట.

తెల్ల శాలువా కప్పుకుని మెల్లగా దిగింది. కొంగు నిండా పుల్లలు, ఆకులు.

"నువ్వా..? ఎన్నాళ్ళ నుంచి?"

"మూడు నెలలవుతోంది. బొటనవేలి కంటే సన్నవాటికి ఏ కాలంలోనైనా సంతకం అక్కర్లేదని మీరేగా అనేవారు. సన్నవే కోశాను. గూడున్న చోట ముట్టుకోలేదు."

ఆ రూలూ ఆయనకి నోటికి వచ్చు. పిల్ల అడిగిన రోజు మాత్రం గుర్తు రాలేదు.

తలెత్తి చూశాడు. వచ్చేటప్పుడు గమనించలేదు గానీ, ఆకుల సందులోంచి దీపం వెలుగు దిగి రోడ్డు మీద చేటంత మేర పడుతోంది. అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆవిడ పక్కన కూర్చుంది. కొంగులోని పుల్లలు కింద పోసింది. తర్వాత గుసగుసగా అంది -

"మొదటి రాత్రి నేనూ ఇలాగే పిలిచానండీ... తెల్లవారేదాకా పిలిచాను. రాలేదు. అందుకే మర్నాడు కత్తెర తెచ్చుకున్నాను."