మొగిలి గొంతు

ఐలవ్వ రోజూలాగే వాకిట్లో బొగ్గుల పొయ్యి అంటించి, పొగంతా పోయాక లోపలికి తెచ్చి చాయ పెట్టింది. భర్త పోశం అప్పటికే బొగ్గుబాయిలో మొదటి షిఫ్టుకు పోయాడు. గోదావరిఖనిలో వాళ్ల క్వార్టరుకు ఉన్నవి రెండే గదులు. వెనక గదిలో కూతురు అనసూర్య చాప మీద కూర్చుని పుస్తకం తెరిచింది. హైదరాబాదులో యూనివర్సిటీ కాలేజీలో బి.ఏ. మొదటి సంవత్సరం చదువుతూ, పరీక్షల ముందు సెలవులకు ఇంటికొచ్చిన పిల్ల. చదివేది అర్థశాస్త్రం. పైకి చదివితే తప్ప ఆమెకు తలకెక్కదు.

కూతురు చదువు మొదలుపెట్టగానే ఐలవ్వ చేతిలో పని వదిలేసి తలుపు పక్కన గోడకు ఒరిగింది. అనసూర్య ఒక వాక్యం చదివి ఆగింది. అదే వాక్యాన్ని మరో గొంతు మెల్లగా తిరిగి చెప్పింది.

అది మొగిలి గొంతు. మొగిలి అనసూర్యకు అన్న. పి.యు.సి. పాసై, డిగ్రీలో సీటు వచ్చాక, తండ్రి నడుము దెబ్బతిని మంచాన పడితే ఆ సీటు వదులుకుని బొగ్గుబాయిలో పనికి దిగాడు. తండ్రి లేచి మళ్లీ డ్యూటీకి పోయినా మొగిలి మాత్రం కాలేజీ ముఖం చూడలేదు. చెల్లెను చదివించాడు. ఆమె ఒక వాక్యం చదివితే తానూ ఒకసారి తిరిగి చెప్పి, సమజైందా అని అడిగేవాడు. పోయిన వానాకాలంలో కామెర్లొచ్చి చనిపోయాడు.

ఆ గొంతు మొదటిసారి విన్ననాడు ఐలవ్వ చేతిలో చాట జారి బియ్యం చెల్లాచెదురయ్యాయి. గదిలోకి తొంగిచూస్తే పాలిపోయిన ముఖంతో అనసూర్య ఒక్కతే ఉంది. తల్లికి కూడా వినబడిందా అని మాత్రం అడిగింది. తర్వాత ఇద్దరూ ఆ ఊసెత్తలేదు. ఎత్తితే ఆగిపోతుందేమోనని ఐలవ్వ భయం.

ఈ పొద్దు మాత్రం ఆమె ధైర్యం చేసి, ఏ పాఠం చదువుతున్నావని కూతుర్ని అడిగింది.

"ఒక్కటే చెలక ఉందనుకో అవ్వా. పత్తి పెడితె మక్క పెట్టరాదు. చేజారిన ఆ మక్కనే పత్తికి అయిన ఖర్సు. దాన్నే అవకాశ వ్యయం అంటరు," అంది అనసూర్య.

ఆమె మాట ముగిసేలోపే మొగిలి గొంతు తర్వాతి వాక్యం అందుకుంది. ఇంతవరకు వెనకాలే చెప్పిన గొంతు ఇప్పుడు ముందు నడుస్తోంది. అనసూర్య పేజీ తిప్పింది. ఆ పేజీలో మొదటి వాక్యం అదే. ఆమె చప్పున పుస్తకం మూయబోతే ఐలవ్వ చెయ్యి పట్టుకుని ఆపింది. చదువు బిడ్డా అని బతిమాలింది.

మరునాడు అనసూర్య హైదరాబాదు రైలెక్కాలి. ఆ రోజు షిఫ్టు దిగి పోశం ఇంటికొచ్చేసరికి, సర్దిపెట్టిన ట్రంకుపెట్టెలోంచి బట్టలు తీసి దండెం మీద వేస్తోంది ఐలవ్వ. పిల్ల పోవద్దంది. పరీక్ష వచ్చే ఏడు రాసుకుంటుందంది. పోశం కారణం అడిగాడు.

"అది పోతె వాడు గూడ పోతడు," అంది ఐలవ్వ.

పోశం మసి ముఖంతోనే గడపలో కూలబడ్డాడు. తానూ వింటున్నానన్నాడు. షిఫ్టు దిగివచ్చి, లోపల అడుగు పెడితే ఆగిపోతుందని రోజూ కిటికీ కింద నిలబడుతున్నానని చెప్పాడు.  అయితే పిల్లను ఎందుకు పంపుతున్నావని ఐలవ్వ నిలదీసింది.

"మొదట్ల ఇద్దరి గొంతులు వినబడేవి," అన్నాడు పోశం. "ఇయ్యాల వాని గొంతొక్కటే వినబడుతుంది. బిడ్డది వినబడ్తలేదు."

వెనక గదిలో చదువు సాగుతూనే ఉంది. ఐలవ్వ చెవి ఒగ్గి విన్నది. వినబడుతున్నది మొగిలి ఒక్కడే. ఆమె గదిలోకి పరిగెత్తింది. అనసూర్య గోడవైపు చూస్తూ కూర్చుంది. పుస్తకం ఒళ్లో మూసే ఉంది. పెదాలు కదులుతున్నాయి. వాటిలోంచి వస్తున్నది కొడుకు గొంతు. పిల్ల కళ్లు మాత్రం భయంతో తల్లిని వెతికాయి.

ఐలవ్వ కూతురి ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. చెంపలు చల్లగా ఉన్నాయి.

"నాతోని మాట్లాడు బిడ్డా."

చదువు ఆగింది. కాసేపటికి ఆ పెదాలు మళ్లీ కదిలాయి.

"అవ్వా," అంది మొగిలి గొంతు.

వానాకాలం నుంచి ఐలవ్వ ఎదురుచూసిన పిలుపు అదే. ఇంకొక్కసారి వినాలని ప్రాణం కొట్టుకుపోయింది. అయినా కూతురి కళ్ల మీంచి చూపు తిప్పలేదు.

"నువ్వు కాదు కొడుకా," అంది. "శానా చేసినవు. ఇగ చెల్లెను మాట్లాడనియ్యి."

 అనసూర్య గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు దగ్గింది. ఊపిరి పీల్చుకోలేక తల్లి భుజం పట్టుకుంది. తర్వాత బొంగురుగా, ముక్కలు ముక్కలుగా ఒక ఏడుపు బయటికొచ్చింది. అది అనసూర్య ఏడుపే. పోశం లోపలికొచ్చి ఇద్దరినీ దగ్గరికి తీసుకున్నాడు.

పొద్దున పోశం సెలవు పెట్టి, బిడ్డను రామగుండం స్టేషన్లో రైలెక్కించడానికి తీసుకుపోయాడు. ఐలవ్వ ఆ గదిలో తలుపు వేసుకుని చాప మీద కూర్చుంది. ఏ సద్దూ లేదు. కూతురి చదువు వెంట వచ్చిన ఆ గొంతుకు ఏమి చెప్పాలో ఆమెకు తెలియలేదు. కడకు, బతికున్న కొడుకును డ్యూటీకి సాగనంపే తల్లిలాగా, జాగ్రత్త, పైలంగ పొమ్మని గోడతో చెప్పింది.

పోశం తిరిగొచ్చేసరికి ఆమె పెద్దగా ఏడుస్తోంది. మొగిలి పోయినాక ఐలవ్వ నోరు తెరిచి ఏడవడం అదే మొదటిసారి. పోశం ఓదార్చలేదు. పక్కన కూర్చుని తానూ ఏడ్చాడు.