రెండుసార్లు తెరిచిన ఫైలు

పరిశోధన కేంద్రంలో కంప్యూటర్లు చూసే ఇంజనీరును నిన్న సాయంత్రం లిఫ్టు గుంతలోకి తోసి చంపారు. అంతకు ముందు అతడు గూఢచారి డిపార్ట్‌మెంటుకు పంపిన సందేశంలో రెండే మాటలున్నాయి: "ఫైలు మార్చారు."

"ఏ ఫైలో చెప్పలేదు," అన్నాడు చీఫ్, ఉదయపు బ్రీఫింగులో. "జన్యువును కోరినచోట కత్తిరించే కొత్త టూల్ అక్కడిది. దాన్ని కనిపెట్టిన డాక్టరు ఇవాళ పదకొండింటికి సొంత అక్కకే ఎక్కిస్తున్నాడు. ఆవిడకు పుట్టుకతో రక్తజబ్బు. ప్రపంచమంతా లైవ్‌లో చూస్తుంది. ఆవిడ ప్రాణం పోతే ఇక ఆ టూల్‌ను ఎవరూ ముట్టుకోరు. దానికి పోటీగా ఉన్న విదేశీ ముఠా తన టూల్ అమ్ముకుంటుంది."

"ఫోన్ చేసి ఆపించవచ్చు కదా."

"రోజుకు పది బెదిరింపు కాల్స్ వస్తాయట. మనదీ వాటిలో కలిపేశారు. లోపల మన మనిషి ఉంది, ప్రెస్ ఆఫీసరు. మీ మోకాళ్ళెలా ఉన్నాయి?"

"ఉన్నాయి," అన్నాడు ఏజెంటు నలభై ఒకటి.

ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో వేసిన వేషాలన్నింటిలోకీ ఏసీ మెకానిక్ వేషమే అతడికిష్టం. ఎవరూ ముఖం చూడరు. స్టూలు మీద కాసేపు కూర్చోవచ్చు.

ప్రెస్ ఆఫీసరు అందాన్ని గురించి డిపార్ట్‌మెంటు రికార్డులో పేజీన్నర ఉంది. అది అతిశయోక్తి కాదని అతడు గమనించి, గమనించడంతో సరిపెట్టుకున్నాడు.

"చల్లదనం సరిపోతోందా అమ్మా?" అని సంకేతవాక్యం పలికాడు.

"గది చల్లగానే ఉంది, మనుషులే వేడెక్కారు," అని బదులిచ్చి, ఆమె గోడమీది స్క్రీన్ చూపింది. "డాక్టరుగారి పరిశోధన పేపర్ ఆన్‌లైన్‌లో పెట్టి నెల. ఎనిమిది లక్షల షేర్లు."

"ఏ ఫైలు మారి ఉంటుంది?"

"నాకేం తెలుసు బాబాయ్‌గారూ. షేర్ చేయించడం నా పని. చదవడం నా ఉద్యోగంలో లేదు."

అతడు గుండీ అంత డివైస్‌ను ఆమె కంప్యూటర్‌కు తగిలించాడు. ఎనిమిది లక్షల మంది పంచుకున్న పేపర్‌కు జతపరచిన పట్టిక, అంటే కత్తెర ఎక్కడ పడాలో చెప్పే గైడ్ సీక్వెన్స్, నెలరోజుల్లో రెండే సార్లు తెరుచుకుంది. నిన్న ఇంజనీరు గదినుంచి. అంతకుముందు, పేపర్ వెలువడిన నాడే, ఈ గదినుంచి.

"చదవడం మీ ఉద్యోగంలో లేదన్నారు. మరెందుకు తెరిచారమ్మా?"

ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసింది.

"అది బల్లమీద పెట్టండి. అందులోని విషపు సూది గుచ్చుకుని నేను పడితే మోసుకెళ్ళడం కష్టం. లిఫ్టు మూసేశారు."

ఆమె నవ్వింది. చేతికి సంకెళ్ళు పడుతున్నా నవ్వింది. "ఆరు నిమిషాలే ఉన్నాయి. ఏడో అంతస్తు."

నాలుగంతస్తుల మెట్లు. ఒక్కొక్క మలుపులోనూ అతడు తన పెన్షన్ దరఖాస్తును తలచుకున్నాడు.

ట్రీట్‌మెంట్ గదిలో కెమెరాలు వెలుగుతున్నాయి. మంచం మీద అక్క. పక్కన సెలైన్ స్టాండుకు చిన్న సంచీ. డాక్టరు క్లిప్పుమీద చేయి వేశాడు.

"ఆ మందు ఏ కాగితం చూసి చేయించారు?" అన్నాడు ఏజెంటు, ద్వారబంధం పట్టుకుని.

"నువ్వెవరయ్యా? ఆన్‌లైన్‌లో ఉన్న పట్టికనే ప్రెస్ ఆఫీసరు ల్యాబుకు పంపింది, అది చూసే చేయించాం."

"మీ నోటుపుస్తకం చూసి కాదా?"

"ఎనిమిది లక్షలమంది చూసినదాన్ని మళ్ళీ నేను చూడాలా?"

"చూసింది ఇద్దరే డాక్టరుగారూ. ఒకరు మార్చారు, ఒకరు చచ్చిపోయారు."

డాక్టరు చేయి కదలలేదు. క్లిప్పు సగం తెరిచే ఉంది. మందు గొట్టంలో దిగుతూ సూదికి జానెడు దూరంలోకి వచ్చింది. ఏజెంటు రెండంగల్లో మంచాన్ని చేరి గొట్టాన్ని మడిచి పట్టుకున్నాడు.

"తమ్ముడూ," అంది అక్క పైకప్పు చూస్తూనే, "నోటుపుస్తకం తీసుకురా. నేనే చదువుతాను."

సరైన మందు తయారవడానికి మరో నెల పట్టింది. పట్టికను సవరించిన ప్రకటన మాత్రం ఆ సాయంత్రమే ఆన్‌లైన్‌లోకి వెళ్ళింది. వారం తిరిగేసరికి దాన్ని నాలుగుసార్లు తెరిచారని డిపార్ట్‌మెంటు నివేదిక. అందులో మూడు, అక్కగారి ఫోన్‌నుంచే.