నాలుగో నంబరు అద్దాలు

మంగళవారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకి శవం దొరికింది.

రుషికొండ దాటాక, ఉత్తరాన రాళ్ళ గుంపు దగ్గర. రెండు బారల లోతున. పాత వల ఒకటి నడుముకి చుట్టుకుని ఉంది. దాని కొస రాళ్ళ సందులో ఇరుక్కుంది. అందుకే మూడు రోజులైనా పైకి తేలలేదు.

చనిపోయినవాడు రాము. ఇరవై నాలుగేళ్ళు. వేటకి వెళ్ళే కుర్రాడు. శనివారం సాయంత్రం నుంచి కనబడటం లేదు. తండ్రి లేడు. తల్లి గంగాలమ్మ అప్పటినుంచీ ఒడ్డున ఇసకలో కూర్చునే ఉంది. కొడుకుని పడవలోంచి దించినప్పుడు కూడా ఏడవలేదు. చొక్కా గుండీ ఒకటి ఊడి ఉంటే పెట్టింది. అంతే.

ఇన్‌స్పెక్టర్ సూర్యకళకీ ఏమీ అనిపించలేదు. ఈ నెలలో నీళ్ళలోంచి తీసిన శవాల్లో ఇది మూడోది. మొదటి శవాన్ని చూసిన రోజు ఆమె సెలవు పెడదామా అనుకుంది. ఈరోజు వాచీ చూసుకుంది. మనసు మొద్దుబారిపోయిందని ఆమెకే తెలుస్తోంది. దానికి బాధ కూడా పడటం లేదు.

రాము తల వెనక పెద్ద దెబ్బ ఉంది. ముందు చూసిందెవరని అడిగింది సూర్యకళ.

హెడ్ కానిస్టేబుల్ తిరుమలరావు ఒక మనిషిని ముందుకి తెచ్చాడు. పేరు అర్జునరావు. యాభై దాటాయి. గంగాలమ్మకి సొంత తమ్ముడు, రాముకి మేనమామ. అతని పనే చూడటం. పడవ కొసన నిలబడి, నీటి రంగుని బట్టి చేపల గుంపు ఎక్కడుందో చెబుతాడు. అతను చెయ్యి చాపిన వైపే వల పడుతుంది. ఈ మూడు రోజులూ వెతికే పడవలు కూడా ఆ వైపే తిరిగాయి. వెతకడానికి వెళ్ళిన ఆరు పడవల్లోనూ అందరికీ ఎండ మెరుపు తప్ప ఏమీ కనబడలేదట. అర్జునరావుకి మాత్రం అడుగున నీలం చొక్కా కనబడింది.

తిరుమలరావు ఊరు పద్మనాభం. వరిచేలు తప్ప తెలియని వంశం. సముద్రం గురించి ఎవరేం చెప్పినా నోరు తెరుచుకుని నమ్ముతాడు. ఇవి కళ్ళు కావు మేడమ్, కెమెరాలు అన్నాడు.

"ఎలా కనబడింది?" అంది సూర్యకళ.

"అద్దాలున్నాయి కదమ్మా. ఇయ్యెట్టుకుంటే నీళ్ళడుగు కనపడతాది. మెరుపు కోసేత్తాది."

"ఎవరు చెప్పారు?"

"అందరూ సెప్తారు."

"అప్పుడు మీ ముఖం ఎటు ఉంది?"

"తూరుపుకి."

అర్జునరావు పెట్టుకున్నవి నల్లటి అద్దాలు. కాటుకంత నలుపు. సూర్యకళ ఆ రాళ్ళ ఫోటో ఒకటి తీయించి, తన ఫోన్ అతని చేతికిచ్చింది. అతను అద్దాలు తియ్యలేదు. ఫోన్ ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. నిలువుగా చూశాడు. సరిపోలేదేమో, అడ్డంగా తిప్పి చూశాడు. తర్వాత ఒక రాయి మీద వేలు పెట్టాడు. రాముని శనివారం ఐదున్నరకి ఒడ్డున దించి ఇంటికెళ్ళిపోయానని, ఆ తర్వాత సంగతి తనకి తెలియదని స్టేట్‌మెంట్ ఇచ్చాడు. అద్దాలు కేసు ప్రాపర్టీగా కావాలంటే మారు మాట్లాడకుండా ఇచ్చేశాడు.

మధ్యాహ్నానికి పోస్ట్‌మార్టమ్ అయింది. మొద్దుగా, గట్టిగా ఉన్నదేదో తలకి తగిలింది. ఆ తర్వాత నీళ్ళు మింగాడు. సాయంత్రం అంత్యక్రియలు అయిపోయాయి.

రాత్రికి ముద్దాయి కూడా దొరికాడు. పక్క పడవ ఇంజన్ డ్రైవర్ ఉమామహేష్. శనివారం మధ్యాహ్నం జెట్టీ మీద తన వల చించావంటూ రాముతో కలబడ్డాడు. సముద్రంలోనే ముంచేస్తానని పదిమంది ముందు అరిచాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు. ఉమామహేష్‌కి నోరూ మంచిది కాదు, ఆ రోజు ఊరూ మంచిది కాలేదు. ఆ సాయంత్రం పడవలోనే పడుకున్నానన్నాడు. చూసినవాడు ఒక్కడూ లేడు.

అతని భార్య సీతాలు క్యారియర్ పట్టుకుని స్టేషన్ మెట్ల మీద కూర్చుంది. బుధవారం మధ్యాహ్నం రెండింటికి అతన్ని మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. హత్య కేసు. ఆ గడప దాటితే మళ్ళీ ఇంటి ముఖం ఎప్పుడు చూస్తాడో చెప్పడం కష్టం. ఆ సంగతి సీతాలుకి తెలుసు. సూర్యకళకీ తెలుసు. తెలిసి కూడా కాగితాల మీద సంతకాలు పెడుతూ పోయింది.

బుధవారం ఉదయం తొమ్మిదిన్నర. స్టేషన్ ఆవరణలో ఎండ దంచుతోంది. సూర్యకళ చలవద్దాలు పెట్టుకుని జీపు దగ్గరికి నడుస్తుంటే ఫోన్ మోగింది. ఎవరో వీడియో పంపారు. ఫోన్ అడ్డంగా తిప్పింది.

తెర నల్లబడిపోయింది.

విసుక్కుంటూ అద్దాలు నుదుటి మీదకి తోసుకుంది. తెర మామూలుగానే ఉంది. ఈ అద్దాలు కొన్న దగ్గర్నుంచీ రోజూ ఇదే తంతు. ఈరోజు మాత్రం ఆమె చెయ్యి నుదుటి మీదే ఆగిపోయింది.

అర్జునరావు ఫోన్ నిలువుగా చూశాడు. అడ్డంగానూ చూశాడు. అద్దాలు తియ్యలేదు.

లోపలికి వెళ్ళి కేసు ప్రాపర్టీ కవర్ విప్పింది. అర్జునరావు అద్దాలు పెట్టుకుని ఫోన్ గుండ్రంగా తిప్పింది. తెర మసకగా కనబడింది. ఎటు తిప్పినా అదే మసక. ఎక్కడా పూర్తిగా నల్లబడలేదు.

మద్దిలపాలెంలో కళ్ళద్దాల షాపు భ్రమరాంబది. కళ్ళు పరీక్షించే చదువు చదివింది. సూర్యకళ అద్దాలు అక్కడివే. పదీ ఇరవైకి ఆ షాపు షట్టర్ ఎత్తుతుండగానే సూర్యకళ లోపలికి దూరింది.

భ్రమరాంబ అర్జునరావు అద్దాలని మెషిన్‌లో పెట్టి చూసింది.

"నకిలీ సరుకా?" అంది సూర్యకళ.

"కాదండీ, మంచి సరుకే. యూవీ కిరణాల్ని నాలుగు వందల నానోమీటర్ల దాకా ఆపుతోంది. ఎండ నుంచి కంటిని కాపాడే విషయంలో దీనికి వంక పెట్టలేం."

"నీళ్ళ మెరుపు కోస్తుందా?"

"కొయ్యదు. ఇది పోలరైజ్డ్ కాదు, మెరుపుని ఆపే పొర దీనికి లేదు. మీది పోలరైజ్డ్. ఫోన్ అడ్డంగా తిప్పితే ఆ పొర తెర వెలుతురునీ ఆపేస్తుంది, అందుకే మీకు నల్లబడుతుంది."

జనం చేసే పొరపాటు ఇక్కడేనని భ్రమరాంబ చెప్పుకొచ్చింది. అద్దం ఎంత నల్లగా ఉంటే కంటికి అంత మేలనుకుంటారు. నలుపు ఆపేది వెలుతురుని. యూవీని ఆపే గుణం వేరు, అది తెల్లటి అద్దానికీ ఉండొచ్చు. నీటి మీద మెరుపు కొయ్యడం ఇంకో సంగతి. ఈ మూడూ ఒక్క అద్దంలో ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

తర్వాత అద్దాల కాడ లోపలి వైపు తిప్పి చూపించింది. చీమ తలకాయంత అక్షరాల్లో నాలుగు అంకె. పక్కన కారు బొమ్మ. బొమ్మ మీద అడ్డగీత.

నలుపుకి సున్నా నుంచి నాలుగు దాకా నంబర్లు ఉంటాయట. మన బీచ్ ఎండకి మూడు చాలు. నాలుగు మంచు కొండలెక్కేవాళ్ళకి. అందులోంచి వందకి ఎనిమిది పాళ్ళ వెలుతురు వస్తే గొప్ప. అది పెట్టుకుని ఏ బండీ నడపకూడదు.

"ఎండలోంచి ఒక్కసారిగా నీడలోకి వస్తే?"

"కాసేపు గుడ్డివాడే మేడమ్."

సూర్యకళ షాపు మెట్ల మీద కాసేపు నిలబడింది. నీడ. విశాఖలో సముద్రం తూర్పున ఉంటుంది, కొండలు పడమట. సాయంత్రం ఐదున్నరకి సూర్యుడు కొండల వెనక్కి జారితే ముందు ఒడ్డు చీకటి పడుతుంది. దూరాన నీళ్ళు ఇంకా మెరుస్తూనే ఉంటాయి. రాముని కొట్టిందెవరని నిన్నటినుంచీ అందరినీ అడుగుతోంది. అడగాల్సిన ప్రశ్న అది కాదు, రాముని చూడలేకపోయిందెవరని.

పన్నెండుంబావుకి స్టేషన్‌లో నలుగురిని ఒకే గదిలో కూర్చోబెట్టింది. అర్జునరావు, గంగాలమ్మ, సీతాలు, లాకప్‌లోంచి తెచ్చిన ఉమామహేష్. నల్లద్దాలు బల్ల మీద ఉన్నాయి. అవి లేని అర్జునరావు ముఖం అప్పుడే అందరూ సరిగ్గా చూశారు. రెండు కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. కుడికంటి మూలనుంచి కండ పెరిగి నల్లగుడ్డు మీదకి పాకింది.

"తూర్పుకి ముఖం పెట్టి, ఏడు గంటల ఎండలో, ఈ అద్దాల్లోంచి రెండు బారల లోతు కనబడదు," అంది సూర్యకళ. "మీకూ కనబడలేదు. రాము అక్కడున్నాడని మీకు ముందే తెలుసు."

అర్జునరావు కాదనలేదు. జరిగింది తనే చెప్పాడు. రెండేళ్ళుగా కళ్ళు మంట. కంటి క్యాంపులో డాక్టరు చలవద్దాలు పెట్టుకోమన్నాడు. షాపులో ఉన్నవాటిలో అన్నిటికంటే నల్లటివి ఏరుకున్నాడు. చేపలు చూసేవాడికి చూపు తగ్గిందంటే పడవెక్కనివ్వరు. అందుకని సందె వేళ కూడా అద్దాలు తియ్యడం మానేశాడు. గుంపు ఎక్కడుందో కొన్నాళ్ళుగా రామే మెల్లిగా చెప్పేవాడు. మేనమామ చెయ్యి చాపేవాడు.

శనివారం ఇద్దరూ చిన్న ఫైబర్ పడవలో వెళ్ళారు. వల రాళ్ళకి పట్టుకుంటే విడదియ్యడానికి రాము నీళ్ళలో దూకాడు. అర్జునరావు వల రెండో కొస తెద్దామని మెరిసే నీళ్ళలోకి వెళ్ళి, తిరిగి కొండనీడలోకి పడవ తోలాడు. పడవ కొస దేనికో తగిలింది. రాయనుకున్నాడు. దూకి వెతికేసరికి వల వాణ్ణి కిందికి లాగేసింది.

"కారు బొమ్మ మీద గీత చూశారా?"

"సూసినానమ్మా. కారు తోలకూడదన్నాడు సాపోడు." అర్జునరావు బల్ల వైపు చూశాడు. "మాకు కారెక్కడిది?"

తిరుమలరావు తల దించుకున్నాడు.

"రెండు రోజులు పడవలన్నిటినీ వేరే వైపు తిప్పారు. మూడో రోజు చూపించారు. ఎందుకు?"

"అక్క ఇసకలోంచి లెగలేదు. నాను సూడలేపోనాను."

ఉమామహేష్ లేచి నిలబడ్డాడు. "మరి నానేటి సేసినాను మావా?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగా తెలియకే అడిగాడు.

"రుజువు లేదని నిన్నొదిలేత్తారనుకున్నాను," అన్నాడు అర్జునరావు.

సూర్యకళ తిరుమలరావుకి సైగ చేసింది. సీతాలు క్యారియర్ మర్చిపోయి మొగుడి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. హత్య సెక్షన్ పోయి, నిర్లక్ష్యం సెక్షన్ వచ్చింది, సాక్ష్యం దాచినందుకు ఇంకొకటి. ముద్దాయి పేరు మారింది. సూర్యకళ కలం తీసి రాయడం మొదలుపెట్టింది. చెయ్యి తడబడకుండా రాస్తోంది. తడబడితే బాగుండుననిపించింది.

గంగాలమ్మ తమ్ముడి వైపు తిరిగింది.

"ఒరే. నిన్న దింపుడు కళ్ళం కాడ పాడె దించినప్పుడు, ఆడి సెవిలో మూడుసార్లు పిలవమన్నారు. మేనమావవి కదా అని నిన్నే పిలవమన్నారు. పేరెట్టి పిలవాల. నీ పెదాలు ఆడి పేరనలేదు. నాను సూత్తానే ఉన్నాను. ఏటి సెప్పినావు ఆడికి?"

అర్జునరావు అక్క వైపు తిరిగాడు.

"నువ్వు నాకు కనపళ్ళేదురా అని సెప్పినానక్కా."

గంగాలమ్మ అతని ఎర్రటి కళ్ళలోకి చూసింది.

"మూడుసార్లూనా?"

"మూడుసార్లూ."